హుల్దా ఈకలు

పేలు అయితే రెక్క కింద ఉండాలి, రెక్క కింద లేకపోతే తోక మొదట్లో, అక్కడా లేకపోతే ఇక పేలు కావు, అంతే కదా, కాదన్నవాటిని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే కొట్టెయ్యడానికి వీల్లేనిది ఒకటి మిగులుతుంది, భూములు కొలిచి బతికినవాడికి ఇది ఇంకొకరు చెప్పాలా, అనుకుంటూ ఎలోఫ్ వంటింటి బల్ల మీద పాత పత్రిక పరిచి కోడిని పక్కకి ఒత్తిగిలబెట్టాడు, ఎడమ అరచెయ్యి దాని వీపు మీద, కుడి చేతిలో మైలీస్ అల్లిక సూది, ఆ సూది మొనతో ఈకల్ని పాయలు పాయలుగా విడదీస్తూ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి చూస్తున్నాడు, చర్మం శుభ్రంగా ఉంది, లేత గులాబీ రంగులో, పసివాడి మోచేతి మడతలా, పురుగు లేదు, పుండు లేదు, ఈ సూదితోనే తనకి స్వెటర్ అల్లడం మొదలుపెట్టింది మైలీస్, ఒక చెయ్యి పూర్తయింది, రెండో చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది, ఆమె పోయాక దాన్ని అలాగే మడిచి అలమరలో పెట్టాడు, ఇప్పుడు దాని సంగతి కాదు, ఇప్పుడు హుల్దా సంగతి, హుల్దా ఒంటి కన్నుతో పైకప్పు వైపు చూస్తూ ఊపిరి తీస్తోంది, మెడ చుట్టూ ఒక్క ఈక లేదు, కుండలోకి దిగడానికి సిద్ధమైన మెడ అది, రొమ్ము మీద అక్కడక్కడ గడ్డి దుబ్బుల్లా నాలుగు మిగిలాయి, తోక అనేది మొన్నటిదాకా ఉండేదని ఎరిగినవాళ్ళకి తప్ప తెలియదు, పొద్దున గూటి తలుపు తీస్తే నేల మీద ఎవరో దిండు చింపి దులిపినట్టుంది, వాకిట్లో మంచు కూడా అంత తెల్లగా లేదు.

చంపకముందే పీకేసినట్టుంది కదయ్యా ఎలోఫ్, అంది సోల్‌బ్రిట్ పొద్దున, పక్కింటావిడ, కాలితో తన్నుకుంటూ మంచు మీద జారే బండి మీద కొట్టు నుంచి వస్తూ కంచె దగ్గర ఆగింది, ఆవిడ కోళ్ళకీ ఈ కోళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క ఇనప వలే, జబ్బు అంటుకుంటుందని ఆవిడ భయం ఆవిడది, తప్పు పట్టడానికి లేదు, మూడేళ్ళ కింద ఒక జబ్బు కోడి మీద నేనూ ఇలాగే జాలిపడ్డాను, పోతే ఒకటి పోతుందిలే అనుకున్నాను, గూడు గూడంతా ఊడ్చిపెట్టుకుపోయింది, మళ్ళీ అది చూడలేనయ్యా, సాయంత్రం కాఫీకొస్తాను, కాఫీ నీది, గొడ్డలి నాది, నీ చేత కాదని నాకు తెలుసు, కోడిని తినడం వచ్చినవాడివే కాని కొయ్యడం ఎప్పుడొచ్చింది నీకు, అంది, ఈకలు మార్చుకుంటోందేమో సోల్‌బ్రిట్, అన్నాడు తను, ఫిబ్రవరిలోనా, ఎవరన్నా వింటే నవ్వుతారు, కోళ్ళు ఈకలు మార్చేది బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో, నీళ్ళు గడ్డకట్టే రోజుల్లో బట్టలిప్పుకునే పిచ్చిది ఎవరుంటారు, అంది ఆవిడ, సాయంత్రం దాకా ఆగు, కారణం కనుక్కుంటాను, కారణం తెలియకుండా చంపడం ఏం న్యాయం, అన్నాడు, గొంతు తనకే కొత్తగా వినిపించింది, గట్టిగా, ఆవిడ కూడా ఒక క్షణం తేరిపార చూసి, సరే కనుక్కో, కనుక్కోలేకపోతే మాత్రం మళ్ళీ రేపూ ఎల్లుండీ అనకూడదు, అని బండిని ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయింది, మంచు మీద ఆ రెండు ఇనప గీతలు ఇంకా ఉన్నాయి, తను అలా మాటిచ్చేశాడు, సాయంత్రానికి కారణం, లేదా గొడ్డలి.

మాట ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆవిడకి తెలియదు, చెబితే నవ్వుతుందని కాదు, నవ్వదు, ఏడ్చినా ఏడుస్తుంది, అందుకే చెప్పలేదు, మైలీస్ రోజూ పొద్దున గూటి తలుపు తీసి, ఏమ్మా హుల్దా, రాత్రి ఏం కలలొచ్చాయి, అని పలకరించేది, ఆమె పోయాక తలుపు తియ్యాల్సినవాడు తనే అయ్యాడు, మొదటిరోజు మాట్లాడకుండా గింజలు చల్లాడు, హుల్దా తినలేదు, తల పక్కకి వంచి నిలబడింది, రెండోరోజూ అంతే, మూడోరోజు చుట్టూ చూసి ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఏమ్మా హుల్దా, అన్నాడు, కలల సంగతి అడగడానికి సిగ్గేసి అక్కడితో ఆపేశాడు, అది తినడం మొదలుపెట్టింది, అప్పటినుంచి రోజూ తన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే, అది లేకపోతే మధ్యాహ్నం దాకా గొంతు తుప్పు పట్టే ఉంటుంది, పోస్టు పడేసే మనిషి వచ్చినప్పుడు తెరిస్తే కీచుమంటుంది, ఇంత చిన్న విషయం, కాని రోజు మొదలయ్యేది దీనితోనే, ఈ బోడి మెడతోనే.

పేలు కావు, సరే, కొట్టెయ్యి, ఇక ఎర్ర పురుగు, అది పగలంతా చెక్కల సందుల్లో దాక్కుని చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగుతుంది, నిన్న సాయంత్రమే కోళ్ళు ఎక్కి పడుకునే కర్ర కింద తెల్ల గుడ్డ పరిచాడు, మైలీస్ దిండు గలీబే అది, అంచున నీలం దారంతో ఆమె పేరు మొదటి అక్షరం ఉంది, ఆమె చూస్తే చంపేసేది, పొద్దున్నే ఆ గుడ్డని కిటికీ వెలుగులోకి పట్టుకుని బూతద్దంతో అంగుళం అంగుళం చూశాడు, రెట్ట ఉంది, పొట్టు ఉంది, ఎర్ర చుక్క ఒక్కటి లేదు, కర్ర చివర్లు విప్పి కత్తి మొనతో గీకాడు, దుమ్ము, అంతే, కొట్టెయ్యి, ఇక కన్నెపెట్టలు పొడుస్తున్నాయా, వాటికింకా పేర్లు కూడా లేవు, పేర్లు పెట్టేది మైలీస్, హుల్దా కిందటి మే నెలలో పొదిగిన పిల్లలే, ఎదిగినకొద్దీ తల్లినే పొడిచే బిడ్డలు కోళ్ళలోనూ ఉంటారు, అందుకని పొద్దుటి కాఫీ తర్వాత బకెట్టు బోర్లించుకుని గూట్లోనే కూర్చున్నాడు, మోకాళ్ళు మంచుగడ్డలయ్యేదాకా కూర్చున్నాడు, అవి హుల్దా జోలికి పోలేదు, పైగా హుల్దాయే ఒకదాని నెత్తిన ఠక్కున ఒకటిచ్చి గింజల గిన్నె దగ్గరికి ముందు వెళ్ళింది, ఒంటి మీద బట్ట లేకపోయినా పెత్తనం పోలేదు, ఎలోఫ్‌కి నవ్వొచ్చింది, నవ్వి చాలా రోజులైందని నవ్వాక తెలిసింది, కొట్టెయ్యి, తిండి మారిందా, మారలేదు, అదే గింజ, అదే ఉడికించిన దుంపతొక్కు, నీళ్ళు మారాయా, అదే నుయ్యి, రెట్ట చూశాడు, గట్టిగానే ఉంది, గొంతు చూశాడు, శుభ్రం, తురాయి కొంచెం పాలిపోయింది, గుడ్లు ఆపేసింది, కళ్ళలో మాత్రం జబ్బు లేదు, జబ్బు కళ్ళు ఎలా ఉంటాయో తనకి తెలుసు, దగ్గర్నుంచి చూశాడు, అవి ఎదురుగా ఉన్నదాన్ని చూడవు, దూరంగా ఎక్కడో చూస్తుంటాయి, ఇది మాత్రం తన చొక్కా బొత్తాం వైపు చూస్తోంది, ఎప్పుడు పొడుద్దామా అని.

ఫోను మోగితే కోడిని చంకలో ఇరికించుకునే తీశాడు, చర్చి పాస్టరమ్మ యోర్డిస్, ఆదివారం కాఫీకి రొట్టెలు ఎవరు తెస్తున్నారో కనుక్కుంటోంది, ఆ వెనకేమిటి ఎలోఫ్, ఏదో గురగురమంటోంది, కోడి, చంకలో ఉంది, చంకలోనా, ఏమైంది పాపం, ఈకలు రాలిపోతున్నాయి, ఎందుకో తెలియడం లేదు, అవతల పాస్టరమ్మ గొంతు తగ్గించింది, మైలీస్ దాన్ని ఎంత ముద్దుగా చూసుకునేదో కదా, మనం అనుకుంటాం కాని వాటికీ దిగులుంటుంది ఎలోఫ్, ఇంట్లో మనిషి లేదని దానికీ తెలుసు, ఉండొచ్చు, అన్నాడు, రొట్టెలు తను తెస్తానన్నాడు, దాల్చినచెక్క రొట్టెలు, కొట్టులోవే, తనకి చెయ్యడం రాదు, ఫోను పెట్టేశాక అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు, దిగులు, ఆ మాట ఎంత మెత్తగా ఉంది, ఎంత సుఖంగా ఉంది, అందులో కూర్చుండిపోవచ్చు, దిగులుతో ఈకలు రాల్చుకున్న కోడి, దిగులుతో బట్టతల వచ్చిన మొగుడు, ఇద్దరూ ఒకే చంకలో, సోల్‌బ్రిట్‌తో ఇదే చెప్పొచ్చు, ఆవిడ ముక్కు చీదుకుని గొడ్డలి తీసుకుని వెళ్ళిపోతుంది, హుల్దా బతుకుతుంది, అంతకంటే ఏం కావాలి.

కాదు, ఒప్పుకోడు, కళ్ళు తుడుచుకుని హుల్దాని బల్ల మీద మళ్ళీ నిలబెట్టాడు, మైలీస్ పోయింది అక్టోబరు చివర్లో, అప్పుడు దీనికి ఒక్క ఈక రాలలేదు, శవపేటిక వాకిట్లోంచి వెళ్ళిన రోజు కూడా నిగనిగలాడుతూ కంచె పక్కన మట్టి గీరుతూ ఉంది, తనకి దాని మీద కోపం కూడా వచ్చింది, నవంబరులో రాలలేదు, డిసెంబరంతా రాలలేదు, గుడ్లు కూడా పెట్టింది, క్రిస్మస్‌కి ఒక్కడే తిన్న అట్టులో ఉన్నవి దీని గుడ్లే, దిగులుకి ఇంత తీరికా, మూడు నెలలు ఆలోచించుకుని ఏడుస్తుందా ఎవరన్నా, కొలతలో ఒక రాయి తప్పుచోట నాటితే ఆ తర్వాత గీసిన గీతలన్నీ అందంగానే వస్తాయి, కాని పొలం ఇంకొకడిదైపోతుంది, అందంగా ఉందని అబద్ధాన్ని పాతకూడదు, దిగులు కొట్టెయ్యి, కొట్టేశాడు, కొట్టేసినప్పుడు ఎక్కడో చిన్నగా నొప్పి, అయినా కొట్టేశాడు, రాలడం మొదలైంది జనవరి నడుమ, మరి జనవరి నడుమ ఏం మారింది, ఆ ఒక్కటి చెప్పు హుల్దా, జనవరి నడుమ ఏం మారింది, అది బొత్తాం పొడిచింది.

వెలుగు తగ్గుతోంది, ఇక్కడ ఫిబ్రవరి మొదట్లో పగలు అంటే ఎవరో తలుపు తీసి లోపలికి ఒకసారి తొంగిచూసి వేసేసినట్టుంటుంది, హుల్దాని గూట్లో దింపి తనూ లోపలే బకెట్టు మీద కూర్చున్నాడు, సోల్‌బ్రిట్ వచ్చేలోపల ఇంకొంచెం చూద్దాం, ఇంకేం చూడాలో తెలియకపోయినా చూద్దాం, చూడటం మానేస్తేనే ఓడిపోయినట్టు, మంచు మీద నీలం రంగు పాకుతోంది, కన్నెపెట్టలు ముందు ఎక్కాయి, కర్ర నడుమ చోటు, వంటింటి గోడకి దగ్గరగా, గూడు వంటింటి గోడ మూలకి ఆనించి కట్టించింది మైలీస్, పొయ్యి వేడి గోడలోంచి వీటికీ అందాలని, మంచి చోటు అదే, ఎప్పుడూ నడుమ చోటు పెద్దదానిదే కదా, మరి హుల్దా వాటిని తోసెయ్యదేం, హుల్దా బరువుగా ఎగిరింది, బోసి రెక్కలతో రెండుసార్లు జారి మూడోసారి ఎక్కింది, ఎక్కి, నడుచుకుంటూ, కర్ర చిట్టచివరికి పోయింది, గూటి కిటికీ అద్దం పక్కకి, ఆ గూట్లో అన్నిటికంటే చలిచోటు అది, అక్కడికి పోయి మొహం అద్దానికి తిప్పి కూర్చుంది, ఎలోఫ్ ఒళ్ళు కదపలేదు, ఏం చూస్తోంది, ఆ చిన్న అద్దానికి ఓరగా ఎదురు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తన వంటింటి కిటికీ, అందులో ఏమీ లేదు, చీకటి, తను లోపల లేడు కనుక చీకటి, అది ఆ చీకటి వైపే చూస్తోంది, ఎవరో వస్తారని గడియారం చూసుకునేవాళ్ళలా, ఎలోఫ్‌కి మోకాళ్ళ చలి తెలియడం మానేసింది, దీపం, అనుకున్నాడు, ఆ కిటికీలో దీపం ఉండేది.

అటక నిచ్చెన తొందర తొందరగా ఎక్కాడు, క్రిస్మస్ సామాను పెట్టెలో పైనే ఉంది, ఏడు చిన్న బల్బులు మెట్లు మెట్లుగా గుచ్చిన చెక్క దీపం, అడ్వెంట్ మొదటి ఆదివారం, క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందు, ఊళ్ళో ప్రతి కిటికీలోనూ వెలిగేలాంటిదే, మళ్ళీ జనవరి నడుమ క్నూట్ పండుగనాడు క్రిస్మస్‌ని ఇంట్లోంచి సాగనంపేటప్పుడు అందరూ ఆర్పేసి అటకెక్కించేదే, తనూ ఆ రోజే తీసేశాడు, పద్ధతి ప్రకారం, ఎవరూ వేలెత్తి చూపలేరు, పద్ధతిని అడ్డం పెట్టుకున్నాడు కాని అసలు సంగతి వేరు, సాయంత్రం బస్సు దిగి వస్తుంటే మలుపులో ఆ కిటికీ వెలుగు కనిపించేది, కనిపించగానే కాళ్ళు వాటంతటవే వేగం అందుకునేవి, నాలుగడుగులు వేశాక లోపల ఆమె లేదని బుద్ధి వచ్చి కాళ్ళని ఆపేది, ప్రతిసారీ ఆ నాలుగడుగులు, అందుకే క్నూట్ ఎప్పుడొస్తుందా అని చూసి తెల్లవారుతూనే తీసేశాడు, ఆ తర్వాతే, ఆ తర్వాతే కదా గూట్లో మొదటి ఈకలు, తను ఆర్పాడు, దీనికి రాలడం మొదలైంది, తన నొప్పి తప్పించుకోవడానికి దీన్ని చీకట్లోకి తోసేశాడు, దీపం చంకలో పెట్టుకుని నిచ్చెన దిగాడు, తీగ గోడకి గుచ్చాడు, ఏడు బల్బులూ ఒక్కసారిగా వెలిగాయి, ఒక్కటి కూడా మాడలేదు, పాపం నమ్మకమైనవి, అద్దం అవతల గూట్లో ఒక చిన్న బోడి తల చటుక్కున లేచింది.

హుల్దాని తెచ్చి మళ్ళీ బల్ల మీద పెట్టేసరికి గుమ్మంలో బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు, సోల్‌బ్రిట్, ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, చావుకి వచ్చినా పెళ్ళికి వచ్చినా రొట్టెలు లేకుండా రాదు ఆవిడ, ఇదేమిటయ్యా, క్నూట్ వెళ్ళిపోయి ఇన్నాళ్ళయ్యాక దీపం పెట్టావు, నీకు పంచాంగం పనికిరాదా, నిరుడు చూస్తే ఆగస్టులోనే పెట్టావు, క్రిస్మస్ తాత దారి తప్పాడా అని మా ఆయన నవ్వాడు కూడా, తర్వాత సంగతి తెలిసి నోరు మూసుకున్నాడనుకో, అని గొడ్డలిని కట్టెల పెట్టె మీద ఆనించి కుర్చీ లాక్కుంది, కారణం దొరికిందా, దొరికింది సోల్‌బ్రిట్, నేనే, అన్నాడు ఎలోఫ్, నేను దీపం ఆర్పాను, వెలుగు పోయేసరికి దీని ఒళ్ళు చెడింది, ఆవిడ కాఫీ తనే పోసుకుంటూ తల ఊపింది, అలా అయితే క్నూట్ వెళ్ళాక ఏటా ఊరి కోళ్ళన్నీ బోడి కావాలి కదయ్యా, మైలీస్ మాత్రం ఏటా ఆర్పలేదా, అప్పుడెందుకు రాలలేదు, అంది, నిజమే, ఏటా ఆర్పేది, ఏటా రాలలేదు, కాళ్ళ కింద రాయి మళ్ళీ కదిలింది, మరి నిరుటికీ అంతకుముందుకీ తేడా ఏమిటి, ఆవిడే అందిగా ఇప్పుడు, ఆగస్టు.

ఆగస్టులో పెట్టాడు, అవును, పట్నం ఆసుపత్రి నుంచి మైలీస్‌ని ఇంటికి తెచ్చే రోజు, ఇక అక్కడ చెయ్యగలిగింది లేదని చెప్పిన రోజు, వచ్చేటప్పటికి చీకటి పడుతుంది, ఇల్లు చీకటిగా కనిపించకూడదు ఆమెకి, అందుకని పొద్దున్నే అటక మీంచి దింపి పెట్టేసి వెళ్ళాడు, కారు మలుపు తిరగ్గానే ఆమె నవ్వింది, ఇప్పుడే అడ్వెంటా ఎలోఫ్, అంది, అప్పటినుంచి అది ఆరలేదు, పగలూ రాత్రీ, ఆమె ఈ కిటికీ కిందే చెక్క సోఫా మీద పడుకునేది, పక్కకి తల తిప్పితే రెండు అద్దాల అవతల కర్ర చివర హుల్దా, హుల్దా ఆ చోటు అప్పుడే పట్టింది, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉండేవాళ్ళు, సెప్టెంబరు వచ్చింది, ఊళ్ళో బంగాళాదుంపలు తవ్వారు, సోల్‌బ్రిట్ కోళ్ళు ఈకలు రాల్చి కంచె అవతల దయ్యాల్లా తిరిగాయి, హుల్దా మాత్రం నిగనిగలాడుతూనే ఉంది, ఒక సాయంత్రం తను దిండు సర్దుతుంటే మైలీస్ అద్దంలోకి చూస్తూ అంది, మందుల మత్తులో అంటోందనుకుని తను దాని అర్థం వెతకలేదు, ఇన్ని నెలలూ ఎక్కడ పడిపోయిందో ఆ మాట, ఇప్పుడు ఈ ఏడు బల్బుల వెలుగులో అల్లిక సూది చేతిలో ఉండగా ఆమె గొంతుతోనే లేచి వచ్చింది, పాపం హుల్దా, అదింకా వేసవే అనుకుంటోంది, నువ్వు మా ఇద్దరికీ ఆకులు రాలే కాలం రానివ్వవు కదూ.

సోల్‌బ్రిట్, ఆ కళ్ళజోడు ఇలా ఇయ్యి, అన్నాడు, గొంతు ఎలా వచ్చిందో ఆవిడ కప్పు దించేసి ఇచ్చేసింది, రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని హుల్దా మెడ మీదకి వంగాడు, ఇందాక పురుగు కోసం చూశాడు, పురుగు లేదని చూడటం ఆపేశాడు, ఏం లేదో చూశాడు కాని ఏం ఉందో చూడలేదు, దీపం ఓరగా పడుతుంటే ఇప్పుడు కనబడుతోంది, ఆ బోడి చర్మం నిండా సన్నసన్నటి ముళ్ళు, నీలం రంగులో, ఒక్కొక్కటీ మైనం పూసినట్టు చిన్న తొడుగులో, కొన్ని కొసన పగిలి లోపలి నుంచి కుంచెలా గోధుమరంగు పోగులు బయటికి వస్తున్నాయి, రెక్క కింద, రొమ్ము మీద, తోక ఉన్న చోట ఒక చిన్న వరస, వేలితో రాస్తే గరగరమంది, తన గడ్డంలా, చూడు, అన్నాడు, సోల్‌బ్రిట్ వంగింది, ఆవిడ పెద్ద చెయ్యి మెల్లగా ఆ మెడ మీద పాకింది, వెనక్కీ ముందుకీ, వచ్చేస్తున్నాయి కదయ్యా, కొత్తవి, అన్నీ ఒక్కసారే వచ్చేస్తున్నాయి, అంది, అయితే ఇది మార్చుకోవడమే, ఫిబ్రవరిలో, ఫిబ్రవరి అని దానికెలా తెలుస్తుంది, అన్నాడు ఎలోఫ్, దానికి పంచాంగం కిటికీయే, ఆగస్టు నుంచి నేను దీపం ఆర్పలేదు, పగలు తగ్గుతోందని దానికి తెలియనివ్వలేదు, ఆర్పిన రోజునే దానికి సెప్టెంబరు వచ్చింది, మరి ఆ కన్నెపెట్టలో, వాటికి మొదటి ఏడేగా, మొదటి ఏడు ఎవరూ రాల్చరు, రాల్చడానికి వాటి దగ్గర పాతవి ఉంటే కదా, సోల్‌బ్రిట్ రొట్టె తుంచి ఒక ముక్క హుల్దా ముందు పడేసి, చేప పెట్టవయ్యా దీనికి, ఈకలు ఊరికే మొలుస్తాయా, పెద్ద వంట చేస్తున్న ఒళ్ళు ఇది, నా దగ్గర ఉప్పు వెయ్యని చిన్న చేపలున్నాయి, పంపిస్తా, పులిసిన చేపల డబ్బా మాత్రం తెరవకు, ఆ కంపుకి ఉన్నవి కూడా ఊడతాయి, అంది, ముక్కు గట్టిగా చీదుకుంది, రాత్రిళ్ళు లోపల పెట్టుకో, ఆ పొయ్యి పక్కన పెట్టెలో, చలికి పోతే నా గొడ్డలి కంటే చెడ్డ పని, ఇంతకీ ఈ గొడ్డలి ఊరికే మోయించావు నా చేత, రెండు కట్టెలన్నా కొట్టి పోతాను.

కొట్టు సోల్‌బ్రిట్, నువ్వు కొడితే అవి తిన్నగా పగులుతాయి, అని ఎలోఫ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, బయట మొద్దు మీద మొదటి దెబ్బ పడింది, ఖణేల్‌మని, చలిలో భూర్జ కట్టె అలాగే పాడుతుంది, ఆ రోజు మైలీస్ ఆ మాట అన్నాక తను, ఆర్పెయ్యనా, అని అడిగాడు, ఇప్పుడు అదీ గుర్తొచ్చింది, వద్దులే, ఉండనీ, నాకు బాగుంది, అంది, అడిగాడు, ఆమె ఉండనిమ్మంది, అంత మిగిలింది తనకి, అది చాలా పెద్దది, ఆమె పోయాక కూడా అలాగే ఉండనిచ్చింది మాత్రం తనే, ఆ దీపం వెనక ఎవరికీ ఏదీ రాలకూడదని, రాలితే చచ్చిపోవడమేనని, రాలినచోట కింద ఏముంటుందో రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని చూసేదాకా తెలియలేదు, బయట రెండో దెబ్బ, బల్ల మీద హుల్దా రొట్టె ముక్కని దులిపి దులిపి తింటోంది, ఎలోఫ్ గోడ దగ్గర వంగి తీగ పట్టుకున్నాడు, క్నూట్ నాటి పొద్దున పీకినట్టు కాదు, అప్పుడు చెయ్యి పారిపోతోంది, ఇప్పుడు చెయ్యి నెమ్మదిగానే ఉంది, తీశాడు, ఏడు బల్బులూ ఒక్కసారే ఆరిపోయాయి, కిటికీలో నీలం మంచు, మంచులో కట్టెలు కొడుతున్న ఆడమనిషి, ఇదేమిటయ్యా మళ్ళీ ఆర్పేశావు, అని అక్కడి నుంచే అరిచింది ఆవిడ, అడ్వెంట్‌కి పెడతాను, దీని తోక వచ్చాక, అని తనూ అరిచాడు, అరిచాక ఆ మాట తనకే వినిపించింది, అడ్వెంట్‌కి తను ఉంటాడన్నమాట, ఉండి పెడతాడన్నమాట, అలమరలో ఆ ఒంటిచేతి స్వెటర్ తీసి పొయ్యి పక్క పెట్టెలో పరిచాడు, హుల్దాని అందులో దింపాడు, అది రెండుసార్లు తిరిగి, ఉన్న చేతిని ముక్కుతో సర్దుకుని, కూర్చుంది, చీకట్లో దాని వీపు మీద అరచెయ్యి పెట్టి ఎలోఫ్ ఆ గరగర వింటూ ఉండిపోయాడు, రానీ, అనుకున్నాడు, ఆపి ఉంచినదే రాలుతోంది, అంతే, దీనికి ఎంత ఆలస్యమైందో తనకీ అంతే ఆలస్యమైంది.